బోణీ ఆట

డబ్బాలో బొమ్మ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా యారాలు. మా బావగారి భార్య ఆమె. నేను అక్కా అని పిలుస్తాను. పసుపు ఉడికించి ఎండబోసిన రోజులవి. పెర్కిట్ దాటాక రోడ్డు పక్కనే ఉన్న మా కళ్లంలో నేను కొమ్ములు తిరగబోస్తున్నాను. ఆమె ఆటో దిగి, చీర ఎత్తిపట్టుకుని, కొమ్ములు తొక్కుకుంటూనే నా దగ్గరికి వచ్చింది. ఎండబోసిన పసుపు మీద కాలు మోపితే కళ్లకద్దుకునే మనిషి అలా నడిచి వచ్చేసరికి ఇంట్లో ఏదో అయిందని నాకు తెలిసిపోయింది.

"చెల్లె, డబ్బాల బొమ్మ పోయిందే" అంది. "నడుమ తెల్లగ ఒక గీత వచ్చి ఆరిపోయింది. మరిది ఇంకా బటన్ నొక్కుతనే ఉన్నడు."

ఇంకో ఇంట్లో అయితే ఇది కబురు కిందికే రాదు. మా ఇంట్లో ఆ డబ్బా ఏమిటో చెప్పాలి.

మా ఆయన పెళ్లయిన కొత్తలో ఆర్మూర్ బస్టాండు దగ్గర వీడియో గేముల దుకాణం నడిపేవారు. మనిషెత్తు చెక్క డబ్బాలు. లోపల టీవీ, ముందు హ్యాండిలు, దాని పక్కన బటన్లు. ఇత్తడి బిళ్ల వేస్తే ఆట మొదలయ్యేది. మార్కెట్‌కు పసుపు తెచ్చిన రైతులు కూడా, కాంటా అయ్యేదాకా అక్కడే నిలబడి ఆడేవారట. ఫోన్లొచ్చాక ఎవరూ రాలేదు. డబ్బాలన్నీ పాతసామాను కింద పోయాయి. విమానం ఆట డబ్బా ఒక్కటి మాత్రం ఆయన ఇంటికి తెచ్చి ముందుగదిలో పెట్టుకున్నారు. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని ఒక ఆట ఆడితేనే ఆయనకు అన్నం. దసరాకు నేను బండికి, నాగలికి బొట్టు పెట్టినట్టే దానికీ పెట్టేదాన్ని.

తరువాత ఆయనకు లకువ కొట్టింది. నోరు పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. 'అరె', 'గంతే' అన్న రెండు మాటలే మిగిలాయి. ఆకలైనా, కోపమొచ్చినా, మనవడిని చూసినా ఆ రెండింటితోనే. నిజామాబాద్ దవాఖానలో చేతికి పిసకమని రబ్బరు బంతి ఇస్తే ఎడమ చేత్తో విసిరేశారు. అన్నిటికన్నా ఆయన ఓర్చుకోలేనిది నేను తినిపించడం. బుక్క నోటి దగ్గరికి తీసుకుపోతే కళ్లు మూసుకునేవారు. కలిపిన అన్నం, మూసిన కళ్లు. రోజూ అదే. నేను బడి ముఖం చూడలేదు. మా బాపు ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, భజన పాటలు చదివించాడు. నాకు వచ్చిన పాటలన్నీ ఆ రోజుల్లో మనసులో పాడుకుంటూ తినిపించాను.

ఒక సాయంత్రం దీపం పెట్టి, ఏమనిపించిందో, డబ్బా స్విచ్చి వేశాను. విమానం చప్పుడు వినగానే ఆయన తల తిప్పారు. కుర్చీ దగ్గరికి జరిపాను. ఎడమ చెయ్యి తనంతట తానే హ్యాండిలు పట్టుకుంది. కుడి చెయ్యిని నేను పసిపిల్లను పడుకోబెట్టినట్టు బటన్ మీద పెట్టాను. చూపుడు వేలు నొక్కింది. తెర మీద గుండు పేలింది. మళ్లీ నొక్కింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆ పూట దేవునికి చెప్పుకున్న కృతజ్ఞత ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

అప్పటినుంచి రోజూ దీపం, ఆ తరువాత ఆట. నెమ్మదిగా బొటనవేలు కూడా కదిలింది. చలికాలం వచ్చేసరికి జొన్నరొట్టె ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టుకునేవారు. నోటిదాకా రాదు, గడ్డం దగ్గర జారిపోయేది. జారినా మళ్లీ పట్టేవారు. తన చేత్తో ఒక్క బుక్క తిననీ, గుట్ట మీది స్వామి గుడికి నడిచి వస్తానని మొక్కుకున్నాను. అలా మొక్కుకున్న నెలలోనే యారాలు కబురు తెచ్చింది.

ఇంటికి వచ్చి చూస్తే నల్లటి అద్దం ముందు కూర్చుని ఆయన ఇంకా బటన్ నొక్కుతున్నారు. చప్పుడు వస్తోంది, బొమ్మ లేదు. యారాలు నన్ను డబ్బా వెనక్కి తీసుకుపోయింది. పోయినేటి పసుపు బస్తాలు, ధర కోసం ఆపినవి, డబ్బా వెనక చెక్కకు ఆనించి పేర్చి ఉన్నాయి. పసుపుకు చెమ్మ తగిలితే ఏడాది కష్టం బూడిదే. రోజూ ఆడటంతో డబ్బా వెనక వెచ్చగా ఉంటోందని, బస్తాలు అక్కడైతే పొడిగా ఉంటాయని ఆమే పెట్టించింది. ఆ చెక్కకున్న రంధ్రాలు లోపలి వేడి బయటికి పోవడానికని మా ఇద్దరికీ తెలియదు. ఆయన మునుపటిలా ఉంటే ఒక్క అరుపుతో తీయించేవారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను. నేను కళ్లంలో ఉన్న రోజుల్లో ఆయన విడిచిన బట్టలు మొహం చిట్లించకుండా ఉతికిన చేతులవి. ఆ రుణం ముందు బస్తాలెంత.

పెర్కిట్‌లో టీవీలు బాగుచేసే అతన్ని పిలిపించాం. దుకాణం నడిచిన రోజుల నుంచీ మా డబ్బాలకు మరమ్మతు చేసింది అతనే. మా ఆయన్ను అన్నా అంటాడు, నన్ను వదినె అంటాడు. క్రైస్తవుడు. ఏ యంత్రం విప్పబోయినా ముందు కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుంటాడు. ఆ రోజూ అలాగే చేసి వెనక చెక్క తీశాడు. లోపలంతా సన్నటి పసుపు దుమ్ము. కాలిన వాసన. చాలాసేపు లైటు వేసి చూసి, టీవీ లోపలి బోర్డు మాడిపోయిందని, ఆ పాత సామాను ఇప్పుడు దొరకదని, టీవీయే మార్చాలని చెప్పాడు. ఈ కాలపు పల్చటి టీవీ ఒకటి పెట్టి, నడుమ చిన్న బోర్డు కలిపితే ఆట వస్తుందన్నాడు.

నేను ఒక్కటే అడిగాను. "చెయ్యికేం ఫరక్ రాదు గద?"

"చెయ్యికేం ఫరక్ వదినె. బటన్లు గవే, హ్యాండిలు గదే."

కొత్త టీవీ కుదరడానికి రోజులు పట్టింది. ఈ లోపల వేళ్లు మళ్లీ బిగుసుకోసాగాయి. వేళ తప్పకూడదని నేను రోజూ దీపం పెట్టాక ఆయన చెయ్యి తీసి ఆరిన డబ్బా మీద పెట్టేదాన్ని. ఆయన ఆ అద్దం వైపు కాదు, నా వైపు చూసేవారు.

పాత టీవీని ఇద్దరు మనుషులు మోసి బయటికి తెచ్చారు. ఎండలో దాని అద్దం మీద ఎప్పుడూ కనబడే అంకెల వరుస మాసిన మరకలా అచ్చుపడి ఉంది. దాని చోట పల్చటి టీవీ బిగించారు. చుట్టూ వేలెడు సందు మిగిలితే తరువాత చెక్క కొడతానన్నాడు అతను. స్విచ్చి వేస్తే బొమ్మ వచ్చింది. పండగనాటి ముగ్గులా అంత తేటగా ఉంది.

ఇక్కడ దుకాణం నాటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఏ డబ్బా బాగుచేసినా మొదటి ఆట యజమానిదే. బోణీ అనేవారు. బాగుచేసినవాడైనా సరే, బోణీ కాకముందు బటన్ ముట్టడు. బొమ్మ వచ్చిందా లేదా చూసి, చేతులు తుడుచుకుని పక్కకు నిలబడతాడు. ఇన్నేళ్లలో అతను ఒక్కసారి కూడా అది తప్పలేదు. దుకాణం పోయినా, యజమాని నోరు పోయినా, ఆ రోజూ తప్పలేదు. పక్కకు జరిగి, "అన్నా, బోణీ నీదే" అన్నాడు.

నేను ఊదుబత్తి వెలిగించాను. ఆయనకు సగం ముఖమే నవ్వుతుంది. ఆ సగం నవ్వింది. చెయ్యి పెట్టారు. విమానం లేచింది, కాసేపట్లోనే కూలింది. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ కూలింది. దాదాపు ముప్పై ఏళ్లు ఆ ఆట ఆడిన మనిషి, లకువ కొట్టాక కూడా అంత తొందరగా ఓడని మనిషి. నాకు ఏ తేడా కనబడలేదు. వేలు నొక్కుతోంది, గుండు పేలుతోంది. మెరుస్తున్న ఆ బొమ్మను చూసి నేను లోలోపల దేవునికి దండం పెట్టుకుంటున్నాను. ఆయన చూపు మాత్రం తెర మీద లేదు. తన వేలినే చూసుకుంటున్నారు. నొక్కి, ఆగి చూసుకుంటున్నారు. చివరికి ఎడమ చేత్తో కుడి చెయ్యిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నారు.

"గంతే" అన్నారు.

ఆ రాత్రి రొట్టె ముక్క ముట్టలేదు. మరునాడు కూడా. నేను బుక్క కలిపితే కళ్లు మూసుకున్నారు. బొమ్మ వచ్చినా గురి కుదరలేదంటే, పోయింది తన చెయ్యేనని ఆయన తేల్చేసుకున్నారు.

సందుల్లో చెక్క కొట్టడానికి అతను మళ్లీ వచ్చిన రోజు ఆయన లోపల పడుకుని ఉన్నారు. బోణీ అయింది కనుక అతను పని ముగించి తానే ఒక ఆట వేశాడు. వేసి ఆగిపోయాడు. ఒకసారి నొక్కాడు, మళ్లీ నొక్కాడు. చేతిలో సుత్తి కింద పెట్టాడు.

"వదినె, గిది ఆలస్యంగ కొడుతుంది. నేను నొక్కినంక జర ఆగి పోతుంది గుండు" అన్నాడు. "కొత్త టీవీ గట్ల చేస్తుంది. అన్న చెయ్యి మంచిగనే ఉన్నది."

కనురెప్ప పాటంత ఆలస్యమట అది. నాలాంటిదానికి తెలియదు. ఏళ్ల తరబడి నొక్కిన వేలికే తెలుస్తుంది. వేలికి తెలిసింది. తప్పు తనదే అనుకుంది.

అతను లోపలికి వెళ్లి మంచం పక్కన గొంతుక్కూర్చుని ఆయనకు అదంతా విడమరిచి చెప్పాడు. టీవీదే తప్పని, ముందు తాను ఆడి చూడకపోవడం తన తప్పని, ఏడుపు ఆపుకుంటూ చెప్పాడు. ఆయన అంతా విన్నారు. విని ఎడమ చేత్తో అతని తల నిమిరారు. రోగి దగ్గరికి వచ్చినవాళ్లు నీకేం కాదని ఊరడిస్తారే, ఆ ఊరడింపును మన్నించినట్టు ఉంది ఆ నిమరడం. నమ్మలేదు.

తరువాత అతను తిరగని చోటు లేదు. పాత రకం టీవీ కోసం డిచ్‌పల్లి, నిజామాబాద్ పాతసామాను దుకాణాలు గాలించాడు. చివరికి ఇందల్వాయిలో ఒకరింట్లో బియ్యం డబ్బా కింద పీటలా వాడుకుంటున్నది దొరికింది. ఆటోలో కుదుపు తగలకుండా పట్టుకుని తెచ్చాడు. ఆ ఇంటివాళ్లెవరో నాకు తెలియదు, వాళ్లు చల్లగా ఉండాలి. యారాలు అప్పటికే బస్తాలన్నీ తీయించి, లోపలి దుమ్మును పాత చీరముక్కతో అద్దంలా తుడిచి పెట్టింది.

ఈసారి బోణీ నువ్వే చెయ్యమని నేనే అతన్ని అడిగాను. ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆడి, కళ్లు తుడుచుకుని, అన్నను పిలువు వదినె అన్నాడు.

కుర్చీ జరిపాం. ఆయన చెయ్యి ఎత్తలేదు. నేనే ఎత్తి బటన్ మీద పెట్టి, నా వేలు ఆయన వేలి మీద ఆనించాను.

"జర ఒక్కసారి నొక్కుండ్రి."

నొక్కారు. నా వేలి కింద ఆయన వేలు కదిలింది. నేను బరువు పెట్టలేదు. గుండు అదే క్షణాన పేలింది, పాత రోజుల్లోలా. యారాలు చూసింది, అతనూ చూశాడు. ఆయన మాత్రం చూపు ఎత్తి నా వేలిని చూశారు. కొంచెంసేపు అలాగే చూశారు. మళ్లీ సగం ముఖంతో నవ్వి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"గంతే."

ఆ తరువాత రోజూ దీపం పెట్టాక స్విచ్చి వేసేదాన్ని. విమానం తానే లేచి, ఎవరూ కాపాడక, తానే కూలిపోయేది. ఆయన గోడ వైపు తిరిగేవారు. మృగశిర దాటి వానలు పట్టాక లకువ రెండోసారి కొట్టింది. దవాఖానకు తీసుకుపోయేంత సమయం కూడా ఇవ్వలేదు. చివరి బుక్క కూడా నేనే పెట్టాను. కళ్లు మూసుకునే తిన్నారు.

మొక్కు చెల్లలేదు కనుక గుట్టకు పోనక్కర లేదన్నారు కొందరు. నేను వెళ్లాను. యారాలు చెయ్యి పట్టుకుని మెట్లెక్కాను. ఒక చలికాలమంతా రొట్టె ముక్కను రెండు వేళ్లతో పట్టుకునేలా చేసిన స్వామికి దండం పెట్టుకోవాలి కదా. ఇయ్యనిదాని గురించి అక్కడ ఏమీ అడగలేదు. అడగాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

డబ్బా ముందుగదిలోనే ఉంది. వెనక బస్తాలు లేవు.

ఇది చదివినవారిని ఒక్కటే అడుగుతున్నాను. మీరు దీపం పెట్టుకునేటప్పుడో, ప్రార్థన చేసుకునేటప్పుడో మా ఆయన్ను ఒక్కసారి తలుచుకోండి. ఆయన నన్ను నమ్మలేదు, మీరైనా నమ్మండి. ఆ రోజు నొక్కింది ఆయన వేలే. నాది ఊరికే పైన ఉంది.