వసంతమ్మగారు చెప్పించిన నిజం

హోసూరు దగ్గరి కెలమంగలం సంతలో తడి గోనెపట్ట కింది నుంచి మల్బరీ ఆకు వాసన తగిలితే ఇప్పటికీ ఉన్నచోటే ఆగిపోతాను. తొంభైలలో నేను మొదట పనిచేసిన బడికి అదే వాసన. ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన షెడ్డది, బస్సుల రోడ్డు పక్కనే ఉండేది. చావులూ దెబ్బలూ చూసి బెదిరిపోయిన పిల్లలను అక్కడికి పంపేవారు. నడిపేది వసంతమ్మగారు. పాఠాలు చెప్పడం కన్నా పిల్లల ఇళ్ళకు తిరగడమే ఆవిడకు పెద్ద పని. నాకేమో కోపం ముక్కు మీదే ఉండేది. ఆవిడ నన్ను ఎలా భరించారో ఏమో.

శీనాకు ఆరేళ్ళు. బస్సు హారన్ వినపడితే చాలు, రోడ్డు మీదికి పరుగు తీసేవాడు. అడ్డుపడితే కరిచేవాడు. వాడి తండ్రి లారీ గుద్ది చనిపోయాడు. ఇంట్లోవాళ్ళు మాత్రం నాయన బెంగుళూరుకు పనికి పోయాడనీ, బస్సులో వస్తాడనీ వాడికి చెప్పారు. ప్రేమకొద్దీ చెప్పిన అబద్ధమే, కాదనను. కానీ ఇల్లంతా ఏడుస్తుంటే ఆ పసివాడు దేన్ని నమ్మాలి?

ఒకరోజు నా చెయ్యి కొరికి వదిలించుకుని హోసూరు బస్సుకు ఎదురుపోయాడు. డ్రైవరు బ్రేకు వేసేసరికి బస్సుకూ వాడికీ మధ్య జానెడే ఎడం. ఈడ్చుకొచ్చి కొట్టబోయాను. వసంతమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"వాణ్ణి కొట్టి ఏం లాభం? నాయన వస్తాడని పెద్దోళ్ళు చెప్పినారు, వాడు నమ్మినాడు" అన్నారు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాం. శీనా గడపలో కూర్చుని ఉన్నాడు. మేము పెరట్లో వాడి అవ్వతో, హోసూరులో కంపెనీ పనికి పోయే తల్లి మునెమ్మతో మాట్లాడాం.

"చెప్తే బిడ్డ తట్టుకోడమ్మా. పెద్దోడైనాక చెప్తాంలే" అంది అవ్వ.

"ఆలోగా ఏ బస్సు కిందో పడతాడవ్వా" అన్నారు వసంతమ్మగారు.

మునెమ్మ చేతులు జోడించింది. "మీరే చెప్పండి మేడం. నాకు నోరు రాదు."

"నీ నోటితోనే చెప్పల్ల. నేను ఈడనే ఉంటాను."

మునెమ్మ గడప దగ్గరికొచ్చి కొడుకును ఒళ్ళోకి తీసుకుంది. "మీ నాయన రాడు శీనా. సచ్చిపోయినాడు. నీకు అబద్ధం చెప్పినాను" అంది.

వాడు లేచి నీళ్ళబిందెను తన్నాడు. అవ్వ పట్టుకోబోతే వసంతమ్మగారు వద్దని తల ఊపారు. నీళ్ళు కాళ్ళ కిందికి వచ్చినా ఎవరం కదల్లేదు. కాసేపటికి వాడే తల్లి దగ్గరికొచ్చి అడిగాడు.

"నువ్వు హోసూరుకు పోతే వస్తావా?"

మునెమ్మ ఒట్టు వేయబోయి ఆగింది. "తిరిగి రావల్లనే పోతాను నాయనా. లేటైతే అంగడికి ఫోన్ చేస్తాను."

అప్పుడు ఏడ్చాడు వాడు. నాకూ ఏడుపాగలేదు.

వాడేమీ ఆ ఒక్కరోజుతో బాగుపడలేదు. చాలాకాలం అవ్వ కూడా బడికొచ్చి వాడి పక్కన కూర్చుంది. హారన్ వినపడితే పరుగు తీసేవాడే, కానీ గేటు దగ్గర ఆగి వెనక్కి వచ్చేవాడు. ఏడుపొస్తే అవ్వ ఒడి ఉండేది.

వసంతమ్మగారు పోయి చాలా ఏళ్ళైంది. ఆ తర్వాత ఒకసారి మా ఆయన ఆసుపత్రిలో ఊపిరి అందక పడి ఉంటే, మా చిన్నమ్మాయి నా కొంగు పట్టుకుని, "నాన్న ఇంటికొస్తాడా?" అని అడిగింది. వస్తాడని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాట ఎంత తేలికో అప్పుడే తెలిసింది.

"తెలియదమ్మా. నాక్కూడా భయంగానే ఉంది" అన్నాను.

అది నా ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది.