పన్నా కొలిచిన తప్పు

గద్వాలలో మగ్గం నేసే ఇల్లు మాది. మా ఇంట్లో కొలత అంటే పన్నాయే, బట్ట అడ్డంగా ఎంత వెడల్పుందో చూడటమే. నేను బడికి పోలేదు. నాయన మగ్గం మీద కూర్చుని లెక్కలు చెబుతుంటే పక్కన పలక పట్టుకునేదాన్ని. ఇంట్లోనే చదివి పరీక్షలు రాసుకుంటూ వనపర్తిలో ఒక కాలేజీ ల్యాబు దాకా వచ్చానంటే దేవుడి దయ, నాయన ఓపిక.

ల్యాబులో నేను కార్బన్ నానోట్యూబులు తయారు చేస్తాను. కంటికి ఆనని సన్నటి గొట్టాలవి. వాటిని నున్నటి అభ్రకం ముక్క మీద పరిచి అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు కింద పెడతాం. దాని సూది ముక్కను తడుముతూ పోతుంది. సూది ఎక్కి దిగిన దారే తెర మీద బొమ్మవుతుంది.

ఒక శుక్రవారం ఆ బొమ్మలో గొట్టం వెడల్పు కొలిచాను. ఒకటిన్నర నానోమీటర్లు రావాలి, ఇరవై వచ్చింది. మరో పది గొట్టాలు కొలిచినా అంతే. గొట్టాలన్నీ కట్టలు కట్టుకున్నాయనుకున్నాను. అదే నిజమైతే ఆరు నెలల పని పారబోయాలి. సోమవారం నా పని చూసే సారుకు చూపించాలి.

మర్నాడు ఇంటికి పోయాను.

"ఏంది బిడ్డా, మొహం గట్ల పెట్టినవ్?" అన్నాడు నాయన. అంతా చెప్పాను. ఆయన చెక్క మీద ఒక పట్టుపోగు పరిచాడు.

"కండ్లు మూసుకొని దీని మీద అడ్డంగ వేలు పోనీ. తాకినకాడికెల్లి వదిలేదాంక ఎంత దూరం పోయింది?"

"వేలంత."

"మరి పోగు వేలంత లావున్నదా? లావు నీ వేలిది, పిచ్చిదానా! వేలు ఎంత పైకి లేసిందో గది చూడాలె. పోగుల ముడి మేము గట్లనే పట్టుకుంటం."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది: "గింత సదివినా పోగు లావు తెల్వదంట. బయట చెప్పకుండ్రి, ఇజ్జత్ పోతది!"

నవ్వాను. ఆదివారం బస్సు బీచుపల్లి వంతెన దాటుతుంటే ఆంజనేయస్వామికి చేతులు జోడించాను.

సోమవారం అవే బొమ్మలు తెరిచి, ఈసారి ఎత్తు కొలిచాను. ఒకటిన్నర. మళ్లీ ఒకటిన్నర. ఒకచోట మాత్రం మూడు వచ్చింది. అక్కడ రెండు గొట్టాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

సారు వచ్చి శుక్రవారం రాసుకున్న వెడల్పులు, ఈ ఎత్తులు రెండూ చూశారు. "వెడల్పు ఎందుకు కొలిచినవమ్మా? అండ్ల సూది మొన లావు కలుస్తది గదా."

"మా ఇంట్ల గట్లనే కొలుస్తరు సార్."

ఆయన పకపకా నవ్వారు. "మంచిగనే చేసినవ్. ఎత్తులన్నీ రాసి పెట్టు."

ఆయన వెళ్లాక మనసులోనే దండం పెట్టుకున్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. బయట మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పాను. అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు గట్టిపడ్డాయి. ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాను.