యల్లమంద మామ లారీకి వచ్చిన కుదుపు

నా పేరు సుభానీ. గురజాల బస్టాండు వెనక కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేస్తాను. నాకు కొంచెం పొగరని ఊళ్లో అంటారు. కొంచెం కాదు, బాగానే ఉండేది. దాన్ని దించింది మా వెనక వీధి యల్లమంద మామ.

మామ ముప్పై ఒక్క ఏళ్లు దాచేపల్లి నుంచి సిమెంటు లోడు తోలాడు. రెండేళ్ల కిందట నీటికాసుల జబ్బు ఎడమ కన్ను తినేసింది. లైసెన్సు పోయింది, లారీ అమ్మేశాడు. ఆ తర్వాత ఆర్నెల్లు అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే డ్రైవర్లకు గేరు వేయడం రాదని తిట్టాడు. ఆ తిట్లు వినలేక కూతురు సాయిప్రియ తన పాత కంప్యూటర్, ఒక గేమ్ కంట్రోలర్ ఇచ్చి, నా చేత లారీ తోలే గేమ్ ఒకటి పెట్టించింది.

నవ్వకండి. మామకు అది ఆట కాదు, డ్యూటీ. పొద్దున తొమ్మిదింటికి చెప్పులు బయట విడిచి, లుంగీ ఎగ్గట్టి, కుర్చీకి దణ్ణం పెట్టుకుని ఎక్కుతాడు. కంట్రోలర్ మీద ఎడమ బొటనవేలి కింద ఉండే పుల్ల స్టీరింగు. కుడి బొటనవేలి కింద పుల్ల చూపు. అది తిప్పితే తల తిప్పినట్టే, అద్దాలు కనబడతాయి. పదకొండింటికి లారీ పక్కకు తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి మరీ టీ తాగుతాడు. ధనమ్మత్త గ్లాసు చేతికిస్తూ యాడిదాకా వచ్చావని అడుగుతుంది. ఆయన నిజంగానే చెబుతాడు.

దసరా వెళ్లిన మూడో రోజు మామ నా షాపుకొచ్చాడు. అద్దం వైపు చూపు తిప్పితే రోడ్డు సాఫీగా తిరగడం లేదట. ఆగుతోందట, ఎగురుతోందట, మళ్లీ ఆగుతోందట. వెళ్లాను కానీ ఆ రోజు నాకు తొందర. మౌస్ పట్టుకునేవాడు మెకానిక్కే కాదని నా లెక్క. కీబోర్డు టకటకా నొక్కి, గేమ్ తెరిచి, తెర మూలన గేమ్ వేగం చెప్పే అంకె వచ్చేట్టు చేశాను. సెకనుకు అరవై బొమ్మలు, ఒక్కటి తగ్గలేదు. అంకె చూశానే గానీ రోడ్డు చూడలేదు, కంట్రోలర్ చేత్తో పట్టుకోనూ లేదు.

"బండి శుభ్రంగా ఉంది మామా. నీ కన్నే చూపించుకో" అని నవ్వి వచ్చేశాను.

అంత వెధవ మాట నా జన్మలో అనలేదు. ఐదు రోజుల తర్వాత ధనమ్మత్త షాపు మెట్లెక్కితే గానీ నాకా సంగతి తెలియలేదు. మామ డ్యూటీ ఎక్కడం లేదట. క్యాలెండరు ముందు నిలబడి, ఉన్న ఒక్క కంటితో అంకెలు చదివి చూసుకుంటున్నాడట. కూతురికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

"మిగిలిన కన్ను కూడా పోతందే అన్నాడు, సుభానీ" అంది అత్త. "అన్నం ముందు కూర్చుని లేస్తన్నాడు."

షాపు షట్టరైనా దించకుండా ఆమె వెంట నడిచాను.

మామ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను కుర్చీలో కూర్చుని, గేమ్ పెట్టి, కుడి పుల్ల తిప్పాను. రోడ్డు ఆగింది, ఎగిరింది, ఆగింది.

"మామా, నాకూ ఎగురుతోంది."

లేచి కూర్చున్నాడు. "ఏందిరా?"

"రోడ్డు. నాకూ కుదుపుతోంది. అల్లా మీద ఒట్టు."

ఇంకోసారి తిప్పమన్నాడు. తిప్పాను. ఇంకోసారి అన్నాడు. ఎనిమిది సార్లు తిప్పించాడు, కుదిపిన ప్రతిసారీ ఆయన మొహం విచ్చుకుంది. పాడైన మిషన్ను చూసి అంత సంబరపడిన మనిషిని నేనెరగను. బండే పాడైందని అరిచి చెప్పి, అత్తను టీ పెట్టమన్నాడు.

సంబరం ఆయనది, చాకిరీ నాది. కంట్రోలర్ వైరు మార్చాను, అది పెట్టే చోటు మార్చాను, బొమ్మల నాణ్యత తగ్గించాను. షాపు నుంచి వేరే కంట్రోలర్ తెచ్చి పెట్టాను. కుదుపు కుదుపే. అప్పుడు, ఇక చేసేది లేక, బుద్ధిగా తెర మొత్తం చూశాను. ఏ మీట నొక్కాలో కింద చూపిస్తుంది గదా, అక్కడ కంట్రోలర్ బొమ్మ పోయి మౌస్ బొమ్మ వస్తోంది, మళ్లీ కంట్రోలర్. బల్ల చివర పడున్న మౌస్‌ను ఎవరూ ముట్టనే లేదు.

ఆ మాట అంటే మామ నీళ్లు నమిలాడు. దసరా నుంచి తెర మీద బాణం గుర్తు కూడా వణుకుతోందట. అదీ కన్ను మహిమేనని దాచాడట. ఒళ్లు మండింది గానీ, అలా దాచేట్టు చేసింది నేనే గదా.

మౌస్ వైరు పీకాను. రోడ్డు వెన్నలా తిరిగింది. మౌస్ తిరగేస్తే, అడుగున ఎర్ర లైటు వెలిగే గుంటలో సగం రాలిన కుంకుమ బొట్టు! ఆ పొడి అడ్డం పడి, మౌస్ కదలకపోయినా కదిలినట్టు చెబుతోంది. గేమ్ ఒక క్షణం దాని మాట, ఒక క్షణం కంట్రోలర్ మాట వింటోంది. ఒక స్టీరింగు మీద ఇద్దరు డ్రైవర్లు.

ఇద్దరం అత్త వైపు చూశాం. లారీ లేకపోయినా ఆమె ఆయుధపూజ మానలేదు. తెరకు, కీబోర్డుకు బొట్లు పెట్టింది, కంట్రోలర్ కింద నిమ్మకాయలు కూడా పెట్టింది.

"పైన పెట్టొచ్చుగా" అని మామ గొంతు పెంచాడు. "తిరగేసి పెట్టావేందే?"

"అడుగున ఎర్రగా ఎలుగుతుంటే కన్ననుకున్నా" అంది అత్త. "దానికీ ఒకటేగా ఉంది. ఆ ఒక్కటన్నా సల్లగుండాలని మొక్కుకుని పెట్టా."

నేను పీకిన వైర్లు సర్దుతున్నట్టు వంగి కూర్చున్నాను. నేనిచ్చిన దూది తీసుకుని ఆ గుంటను మామే నెమ్మదిగా తుడిచాడు. తర్వాత మౌస్‌ను ఆమె ముందు పెట్టి, ఈసారి వీపు మీద బొట్టు పెట్టించాడు.

ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా ఆమెను క్యాబిన్ ఎక్కించుకోని మనిషి, కుర్చీకి ఎడమ పక్కన, క్లీనరు కూర్చునే వైపు, స్టూలు వేశాడు.

"ఎక్కవే. ఎడమద్దం నువ్వు చూసి చెప్పు."

అత్త చెప్పులు బయట విడిచొచ్చి కూర్చుంది. మామ చూపు ఎడమకు తిప్పాడు. ఆమె కొంగు సర్దుకుని, తెర మీదకు వంగి, అద్దంలోకి బాగా చూసింది.

"ఎనక ఏం రావట్లేదు. బండి పోనీ" అంది.