గోడ కడుపులో మట్టి

యార్క్‌షైర్ కొండల మధ్య మా లోయలో ‘బాచ్’ అనే మాటను ఊరికే వాడరు. పని రానివాడు చెడగొడితే పాపం అని ఊరుకుంటాం. పని వచ్చినవాడు ఒళ్లు వంచక, పైకి బాగుంటే చాలని చేసి చెడగొట్టినదే బాచ్. ఒక గోడకు ఆ మాట అంటుకుంటే కట్టినవాడి పిల్లలు కూడా మోయాల్సిందే.

హిల్డా రెయిస్ట్రిక్ సున్నమూ సిమెంటూ లేకుండా రాతి మీద రాయి పేర్చి గోడలు కడుతుంది. తండ్రి ఏమోస్ దగ్గర నేర్చుకుంది. ఈ గోడకు రెండు ముఖాలు, మధ్యలో కడుపు. ఆ కడుపును చిన్న రాళ్లతో, ఒక్కొక్కటీ చేత్తో బిగించి నింపాలి. పారతో మట్టి పోస్తే పని తొందరగా తెములుతుంది. కానీ చలికాలంలో ఆ మట్టి నీళ్లు పీల్చి, గడ్డకట్టి, ఉబ్బి, గోడను బయటికి తోసేస్తుంది.

కొండ మీదున్న నా మేతపొలం గోడలో కొంత భాగం ఆమె తమ్ముడు క్లెమ్ కట్టాడు. మార్చిలో అది కూలి, చూలు గొర్రెలు రెండు రాళ్ల కింద చచ్చిపోయాయి. మంచు వల్లే అన్నాడు క్లెమ్. నాకు ఒళ్లు మండింది. అదే మంచు మా తాత కట్టిన గోడను ముట్టుకోలేదు మరి! నేను నోరు తెరిచేలోపే, వాడితో పాటు చూడ్డానికి వచ్చిన హిల్డా వంగి, రాళ్ల మధ్య నుంచి గుప్పెడు మట్టి తీసి తమ్ముడి బూట్ల మీద పోసింది.

“బాచ్,” అంది. “నాన్న పేరు చెప్పుకుని పని తెచ్చుకుంటావు. కట్టేది ఇదా?”

క్లెమ్ ముఖం ఎర్రబడింది. “నాన్న కట్టింది పక్కనే ఉందిగా. ఎన్నేళ్ల నుంచి ఉబ్బి ఉంది? విప్పి చూడు.”

ఆ ఉబ్బు సంగతి ఎవరెత్తినా కొండ జారిందని చెప్పేది హిల్డా. నవ్వినవాళ్లతో మాటలు మానేసేది. వద్దులే, వదిలెయ్ అన్నాను. ఆమె వినలేదు, పై వరస రాళ్లు దించడం మొదలుపెట్టింది. కాస్త దించేసరికి లోపల నల్లమట్టి, అందులో గడ్డివేళ్లు.

చేతిలోని రాయిని విసిరికొట్టింది. ఆమె అంత కోపంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. “మాకు నేర్పిందే ఆయన,” అంది. “ఆయనకి తెలుసు.”

క్లెమ్ నవ్వబోయాడు. ఆమె సుత్తి తీసి వాడి చేతిలో కుక్కింది. “నవ్వావంటే చూడు. ఆయనది నువ్వు విప్పు. నీది నేను కడతా.”

ఆదివారం చర్చి బయట అందరూ ఆమె చుట్టూ చేరారు. ఈ ఏడు మంచు మరీ ఎక్కువైందని ఎవరో ఓదార్పుగా అన్నారు. తల ఊపి ఊరుకుంటే సరిపోయేది.

“మంచు కాదు. బాచ్,” అంది హిల్డా, అందరికీ వినపడేలా. “ఒకటి మా తమ్ముడిది, ఒకటి మా నాన్నది.”

ఇకమీదట ఆ మాట మోయాల్సింది తనేనని తెలిసే అంది.