స్పానిష్ పాఠానికి సంఘపెద్ద చెప్పిన అర్థం

నిరుడు ఉద్యోగం కోసం ఉదయగిరిలో మా ఇంట్లోనే ఆన్‌లైన్‌లో స్పానిష్ నేర్చుకున్నాను. ఒక సాయంత్రం అవ్వ ముందు గదిలో ప్రార్థన కూటం పెట్టించింది. నేను లోపల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గట్టిగా వల్లిస్తున్నాను: “ఎస్తోయ్ కోమియెందో, సీగో కోమియెందో.” మొదటిదానికి ‘తింటున్నాను’ అని అర్థం; సహాయక క్రియ మారిస్తే, ‘ఇంకా తింటూనే ఉన్నాను’ అని.

తల తిప్పేసరికి గుమ్మం నిండా మోకరించిన ఆడవాళ్లు! “బిడ్డ నోట దేవుడు అన్యభాషలు పలికిస్తా ఉండాడు” అని అవ్వ ఏడుస్తోంది. నన్ను కోడలిగా చేసుకోవాలని మా ఇంటి చుట్టూ తిరుగుతున్న ఆత్మకూరు సంఘపెద్ద, కళ్లు మూసుకుని, ఆత్మ పలికించే ఆ తెలియని భాషకు అర్థం చెప్పేశాడు: “మా వాణ్ణి చేసుకోమంటా ఉండాడు దేవుడు.”

అవ్వ అప్పుడే తలూపుతోంది.

“నేను చేసుకోను” అన్నాను, తెలుగులోనే.

నా తిండి పాఠంలో పెళ్లి వినబడ్డ ఆ పెద్దమనిషికి ఈ మాట మాత్రం అర్థం కాలేదు. నేటికీ అడుగుతూనే ఉన్నాడు.