అమ్మ పాటలున్న కార్డు

సకల జనులకు తెలియజేయునది ఏమనగా, పాటలు వినే చిన్న డబ్బా కొనడాన్ని ఈ రోజు నుంచి ప్రాణగండంగా ప్రకటించడమైనది.

పోయిన మా అమ్మ చర్చిలో పాడిన పాటలు ఒకే ఒక్క మెమరీ కార్డులో మిగిలాయి. ఫోన్ మాటిమాటికీ ఆగిపోతోందని, సాయంత్రం మా ఆవిడను తీసుకుని శంషాబాద్‌లో ఎంపీత్రీ ప్లేయర్ కొనడానికి వెళ్లాను. ఏది మంచిదో తెలియక, తెర పెద్దగా ఉన్నది తీసుకున్నాను. కార్డు పెట్టగానే తెర మీద ఏదో ఇంగ్లీషు ప్రశ్న వచ్చింది. దుకాణదారు బటన్ మీద వేలు పెట్టాడు.

మా ఆవిడ వణుకుతూ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆగన్నా! అత్తమ్మ పాటలు పోయినయంటే నీ దుకాణం ముందలనే కూసుంట!"

"జర ఆగక్కా! కార్డు మొత్తం తుడవాల్నా అని అడుగుతుంది. నేను వద్దనే నొక్కుతున్న."

నొక్కి, పాట పెట్టాడు. ఏమీ వినిపించలేదు. సరిగ్గా అప్పుడే నెత్తి మీదుగా విమానం దిగుతోంది. పాట పోయిందో, ఆ మోతలో మునిగిందో తెలియదు. నేను మాత్రం బండలా నిలబడ్డాను. మోత తగ్గాక, సన్నగా అమ్మ గొంతు.

ఇంకా భయం పోలేదు. ఆ పాటలకు నకలు తీయడం తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకో మాట, మా ఆవిడ అసలు రానేలేదు. దుకాణదారు చెయ్యి పట్టుకుని వణికింది నేనే.