కంట్లో చుక్కలు, గొంతులో చేదు

మీసం ఇంకా నా మాట వినని వయసు అది. నేనూ ఎవరి మాటా వినేవాణ్ణి కాదు, చెప్పడమే తప్ప. (ఏడో తరగతిలో బడి మానేస్తే అమ్మ ఏడ్చింది గానీ, మా సారు కొబ్బరికాయ కొట్టారట.) బన్సీలాల్‌పేట్‌లో మా అక్క మొగుడి గ్రిల్స్ దుకాణంలో వెల్డింగు చేస్తుండగా, కుడికంట్లో ఒక పొర మొలిచి నల్లగుడ్డు మీదికి పాకడం మొదలుపెట్టింది. తీయకపోతే చూపును కప్పేస్తుందన్నారు కంటి ఆసుపత్రిలో. చూపు పోతే వెల్డింగూ లేదు, పెళ్లిచూపులూ లేవు.

"కంట్ల సూది గుచ్చుతరా మేడం?" అని డాక్టరమ్మను అడిగాను.

"సూది లేదు, చుక్కలే. కన్ను మొద్దుబారుతది. వెలుతురు కనిపిస్తది గానీ నొప్పి తెల్వది."

కనబడుతుందట, తెలియదట! (నా వాగుడు మా బావ చెవిలో పడే తీరు కూడా అదే.) ఎట్లా, ఎందుకు అని నేను షురూ చేసేలోపే ఆమె వేలు చూపించింది. "లోపల ఒక్క మాట సుత వద్దు. తల కదిలితే కంటికి మోసం. నోట్లకెళ్లి క్రిములు వస్తయి."

"వీడు నిద్రల సుత మాట్లాడ్తడు మేడం. నోటికి సుత రెండు చుక్కలెయ్యుండ్రి," అన్నాడు బావ.

"వేద్దాం తీయండి," అని నవ్విందామె.

బల్ల మీద పడుకోబెట్టి చుక్కలు వేశారు. చుర్రుమంది, కాసేపటికి ఆ కన్ను ఎవరిదో అయిపోయింది. తర్వాత నర్సమ్మ రెప్పలకూ కనుబొమకూ చెంపకూ గోధుమరంగు మందు పూసి, కంట్లోనూ పోసింది.

"ఏందక్కా, పెండ్లికి ముందే నలుగు పెడ్తున్నవ్?"

"అయోడిన్ తమ్మీ. రెప్పల వెంట్రుకల కాడ క్రిములుంటయి, గవి సావాలె. ఇగ నోరు మూయి."

ముఖం మీద, కన్ను దగ్గర మాత్రం చిల్లున్న గుడ్డ కప్పారు. అప్పుడే గొంతులో చేదు దిగింది. గొంతు మొద్దుబారింది. నా నోట్లో ఎవరూ ఏమీ వేయలేదు కదా! డాక్టరమ్మ అన్న 'వేద్దాం తీయండి' గుర్తొచ్చింది. నాకు తెలియకుండానే నోటికీ వేసేశారా? నాలుక ఉందో పోయిందో తెలియాలంటే మాట్లాడాలి, మాట్లాడితే కన్ను పోతుంది. సరే, ముందు కన్ను దక్కనీ అనుకున్నాను. నీళ్లలో బల్బు వెలిగినట్టు ఒక వెలుగు, దాని మీద వచ్చిపోయే నీడలు. ఎన్ని ప్రశ్నలో! అన్నీ మింగాను.

కట్టు కట్టి బయటికి తెస్తే, బావ "ఎట్లుందిరా?" అన్నాడు. నాలుక బయటపెట్టి చేయి ఊపాను. ఆయన ముఖం పాలిపోయింది. "మేడం! వీడు మాట్లాడ్తలేడు! ఏం జేసిండ్రు?"

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. "కంటి మూల నుంచి ముక్కులకు, ఆడికెళ్లి గొంతులకు సన్న తొవ్వుంటది. ఏడిస్తే ముక్కు కారుతది సూడు, గదే. చుక్క జారింది, అంతే. మాట్లాడు బాబూ!"

"మాట్లాడొచ్చా?" అన్నాను.

బావ కుర్చీలో కూలబడ్డాడు. "మేడం, ఇంకో రెండు చుక్కలున్నయా?"

ఈ మధ్య బావకు శుక్లం తీయించాను. ఇన్నేళ్లకు నాకూ కళ్లజోడు వచ్చింది, ఈసారి తోడు వచ్చిన ముఖం నాది. చెంపంతా గోధుమరంగుతో బయటికొచ్చిన ఆయన్ను "ఎట్లుంది బావా?" అని అడిగాను. ఆయన నాలుక బయటపెట్టి చేయి ఊపాడు. చుక్క దారి మొత్తం తెలిసిన నేనే అన్నీ మరిచి "మేడం!" అని కేకేశాను. ఆనాడు బావ ముఖం ఎందుకు పాలిపోయిందో అర్థమయ్యేసరికి, ఆయన భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. నాకేమో ముక్కు కారుతోంది, అదే దారిన.